కుందేలు, గినీపిగ్, చిన్చిల్లా పాదాల పుండ్లు: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో పెంపుడు కుందేళ్ల అరికాళ్లు పాడయ్యే రోజులు ఏడాదికి రెండు విడతలుగా వస్తాయి. వానాకాలంలో ముసురు పట్టినప్పుడు నేల ఆరదు. మే నెలలో ఎండ దంచుతున్నప్పుడు చల్లగా ఉండాలని మనమే నేల తడుపుతాం. రెండుసార్లూ కారణం తడే. అందుకే ఈ జబ్బులో మందు గురించి అడిగే ముందు పంజరం అడుగున ఏముందో చూడమంటాం. నేల మార్చకుండా ఆయింట్‌మెంటు రాస్తూ పోతే నెలలు గడిచినా పుండు అక్కడే ఉంటుంది.

అపోహ: ఇనుప జాలీ మీద ఉంటే పెంటికలు కింద పడిపోతాయి కాబట్టి కాళ్లు శుభ్రంగా ఉంటాయి.

పెంటికలు పడిపోయే మాట నిజమే. కానీ కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలుకి అరికాలి మెత్తలు ఉండవు. చర్మానికీ నేలకీ మధ్య ఉండేది దట్టమైన బొచ్చు ఒక్కటే. జాలీ మీద కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా సన్నటి తీగల మీద, అదీ వెనక కాళ్ల మడమ దగ్గర పడుతుంది. నొక్కుడు పడినచోట రక్తం సరిగా ఆడదు. బొచ్చు రాలుతుంది, చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పగులుతుంది. ఆ పగులులోకి స్టెఫిలోకాకస్ లాంటి బాక్టీరియా చేరితే పుండవుతుంది, ముదిరితే ఎముకదాకా పోతుంది. డాక్టర్లు పోడోడెర్మటైటిస్ అనేది దీన్నే. రెక్స్ జాతి కుందేళ్లకు బొచ్చు పొట్టి కాబట్టి త్వరగా వస్తుంది.

గినీపిగ్‌కీ చిన్చిల్లాకీ (దట్టమైన మెత్తటి బొచ్చున్న, ఎలుక జాతి పెంపుడు జంతువు) అరికాలు బోడిగానే ఉంటుంది, కాబట్టి జాలీ వాటికి ఇంకా చేటు. పైగా చిన్చిల్లా కాలి ఎముక పొడుగ్గా, సన్నగా ఉంటుంది. జాలీ సందులో పాదం ఇరుక్కుని గింజుకుంటే పుటుక్కున విరుగుతుంది. ఒక కాలు ఎత్తి పట్టుకుని మూడు కాళ్ల మీద నడుస్తుంటే పుండు కోసం వెతుకుతూ కూర్చోకండి, ముందు ఎక్స్-రే తీయించండి.

జాలీ పంజరం ఇప్పటికే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. అడుగున ప్లైవుడ్ ముక్కో రబ్బరు మ్యాటో వేసి, పైన పాత నూలు తువ్వాలు రెండు మడతలు పరచండి. తువ్వాళ్లు నాలుగు పెట్టుకుంటే రోజూ మార్చడానికి సరిపోతాయి. వానాకాలంలో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చేత్తో తాకి చూడండి. చేతికి చల్లగా తగిలితే తడి ఉన్నట్టే.

అపోహ: వరిగడ్డి, ఊక, కొబ్బరిపీచు మన దగ్గర దండిగా దొరుకుతాయి. పరుపుకి అవే మంచివి.

మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. వరిగడ్డి పనికొస్తుంది, కానీ ఏ గడ్డి అనేది చూడాలి. దాళ్వా (రబీ) కోతల తర్వాత ఎండకి బాగా ఎండిన గడ్డి అయితే నాలుగు వేళ్ల మందాన పరవచ్చు. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు తుపాను వానకి తడిసి కుప్పలో మగ్గిన గడ్డి వద్దు. పైకి పొడిగా ఉన్నా లోపల బూజు ఉంటుంది, విదిలిస్తే నల్లటి దుమ్ము లేస్తుంది, ముక్కవాసన వస్తుంది. ఎండిన గడ్డిలోనూ గట్టి మొదళ్లు ఏరేసి ఆకుభాగమే వాడండి.

ఊక అసలే వద్దు. దాని అంచులు గరుకు, కొసలు సూదుల్లా ఉంటాయి. పైగా తడిసిన ఊక పుండుకి అతుక్కుంటే ఊడదీయడం నరకం. కోనసీమలో పీచు పట్టాలు చవగ్గా దొరుకుతాయి గానీ అవి కాళ్లు తుడుచుకోవడానికి చేసినవి, అరికాలిని ఒరుసుకుపోతాయి. గోనెసంచి ఇంకో రకం ప్రమాదం: దాని దారం వేలికి చుట్టుకుని బిగిస్తే వేలు నల్లబడి రాలిపోతుంది. పాదం వాచింది గానీ పుండు కనబడట్లేదంటే భూతద్దం పెట్టి వేళ్ల మొదట్లో దారం ఉందేమో చూడండి. చిన్చిల్లాకి దాని సొంత వెంట్రుకే ఇలా చుట్టుకోవచ్చు.

అపోహ: ఇంట్లో టైల్స్ మీద వదిలేస్తే ఏ గొడవా లేదు.

నున్నటి టైల్ మీద కాళ్లు జారతాయి. జారకుండా ఆనుకోవడానికి బరువు మడమల మీదకు నెడుతుంది. తిరిగే దారిలో చాప పరిస్తే చాలు. అన్నట్టు, గోళ్లు పెరిగినా ఇదే జరుగుతుంది. గోరు నేలకు తగిలి వేళ్లు పైకి లేస్తాయి, భారం వెనక్కి పోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గోళ్లు కత్తిరించాలి. నల్లగోరైతే వెనక టార్చి వేస్తే లోపలి రక్తనాళం కనిపిస్తుంది, దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతల కత్తిరించండి. రక్తం వస్తే చిటికెడు మొక్కజొన్న పిండి అద్ది రెండు నిమిషాలు నొక్కిపట్టండి.

అపోహ: ఎండాకాలం తడి గోనె మీదో తడి ఇసుకలోనో ఉంచితే చల్లగా ఉంటుంది.

పైన చల్లగానే ఉంటుంది, కింద చర్మం నానిపోతుంది. నానిన చర్మం చిన్న ఒరిపిడికే చిట్లుతుంది. లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి తువ్వాలు చుట్టి పంజరంలో ఒక మూల పెట్టండి. కావాలనుకున్నప్పుడు అదే వెళ్లి ఆనుకుంటుంది. చిన్చిల్లాకి ఈ ఉపాయం చాలదు. అది ఆండీస్ కొండల చలిలో బతికే జంతువు, 27 డిగ్రీలు దాటితే వడదెబ్బకి చేరువలో ఉన్నట్టే. డెల్టా ఉక్కలో ఏసీ లేకుండా చిన్చిల్లాను పెంచడం కుదరదని ముందే చెప్పేయడం మంచిది.

అపోహ: మడమ మీద బొచ్చు పోయి బోడిగా కనిపిస్తే పుండు మొదలైనట్టే.

ప్రతిసారీ కాదు. మడమ మీద చిన్న ఆనెకాయలాగా, పొడిగా, చర్మం రంగులోనే ఉండే బోడి మచ్చ చాలా కుందేళ్లకు ఉంటుంది. దాన్ని గీకకూడదు, చుట్టూ ఉన్న బొచ్చు కత్తిరించకూడదు. ఆ బొచ్చే పరుపు. ఎర్రబడటం, వేడిగా తగలడం, పెచ్చు కట్టడం, తడి ఊరడం, వాపు - వీటిలో ఏది కనిపించినా లెక్కలోకి తీసుకోండి. వారానికోసారి ఫొటో తీసిపెట్టుకుంటే మార్పు తెలుస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి చూడొద్దు, బెదిరి తన్నుకుంటే వెన్నెముక విరగవచ్చు. ఒడిలో తువ్వాలు మీద కూర్చోబెట్టి, నడుము కింద చెయ్యి ఆనించి, ఒక్కో కాలే చూడండి. చిన్చిల్లానైతే ఒంటిమీద గట్టిగా పట్టుకోకండి, బొచ్చు కుచ్చులుగా చేతికొస్తుంది.

అపోహ: పసుపు, నూనె కలిపి పట్టిస్తే మానిపోతుంది. లేదంటే డెట్టాల్‌తో కడగాలి.

పసుపు రాస్తే గాయం రంగు మారిపోయి ఎరుపు తగ్గిందో పెరిగిందో కనబడదు. నూనెకి బొచ్చు ముద్దకట్టి దుమ్ము పట్టేస్తుంది. డెట్టాల్, స్పిరిట్, పొంగే హైడ్రోజన్ పెరాక్సైడ్ మానుతున్న లేత చర్మాన్నే కాలుస్తాయి. అవన్నీ నాకేస్తుందన్నది ఇంకో సంగతి.

ఇంట్లో చేయగలిగింది ఇది. మందుల షాపులో సెలైన్ సీసా దొరుకుతుంది. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాతో చదునుగా ఒకటిన్నర, కలపండి. దాంతో గాయం మీద పెచ్చు మెత్తబడేదాకా తడపండి, పీకవద్దు. తర్వాత బెటాడిన్ ద్రావణం. సీసా మీద 10 శాతం అని ఉంటే ఒక వంతుకి పది వంతుల నీళ్లు, 5 శాతం అయితే ఐదు వంతులు. పలుచటి టీ డికాషన్ రంగు రావాలి. నురగ వచ్చే స్క్రబ్ సీసా ఇందుకు పనికిరాదు. గాజుగుడ్డతో అద్దండి, దూది వాడితే పోగులు అంటుకుంటాయి. ఒక నిమిషం ఆగి పొడి గాజుగుడ్డతో ఒత్తి పూర్తిగా ఆరనివ్వండి. రోజుకి రెండుసార్లు చాలు. కాలు మురికైందని కుందేలు మొత్తానికి స్నానం చేయించకండి. ముసురులో ఆ బొచ్చు ఆరదు. చిన్చిల్లా అయితే ఒక్కో కుదురులో యాభైకి పైగా వెంట్రుకలు ఉంటాయి, తడిస్తే ఫంగస్ పడుతుంది. పాదం మీద పుండు తెరుచుకుని ఉన్నన్నాళ్లు దాని ధూళి స్నానం (బొచ్చు శుభ్రపడటానికి మెత్తటి దుమ్ములో పొర్లడం) కూడా ఆపేయాలి.

కట్టు కట్టడం అందరికీ రాదు. బిగిస్తే వేళ్లు వాస్తాయి, వదులైతే జారిపోతుంది, తడిస్తే లోపల కుళ్లుతుంది. డాక్టరు కట్టినదైతే వేళ్ల కొసలు బయటికి కనబడేలా కట్టమని అడిగి, పూటకోసారి వాపు చూసుకోండి.

అపోహ: చీము పట్టింది కదా, సూదితో పొడిచి పిండేస్తే సరి.

కుందేలు చీము పలచగా కారదు, గడ్డపెరుగులా గట్టిగా ఉంటుంది. పిండితే లోపలే చిట్లి పక్కకి పాకుతుంది. దాని చుట్టూ ఉండే సంచితో సహా డాక్టరు కోసి తీయాల్సి వస్తుంది.

అపోహ: మనుషులకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ పిల్లల మోతాదులో ఇస్తే ప్రమాదం లేదు.

పుండు కంటే ఇది ఎక్కువ కుందేళ్లను చంపుతుందని మా నమ్మకం. వీటి పొట్టలో మేత అరిగించేది మంచి బాక్టీరియా. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, సెఫలెక్సిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ ఆ బాక్టీరియాను ఊడ్చేస్తాయి. ఖాళీ అయిన చోట విషం పుట్టించే క్లోస్ట్రిడియం పెరిగి, విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. గినీపిగ్‌కీ చిన్చిల్లాకీ అంతే. కుందేలుకి పెన్సిలిన్ ఇంజక్షన్ రూపంలో డాక్టరు ఇవ్వడం వేరు. ఆ ఇంజక్షన్ కూడా మిగతా రెంటికీ ప్రమాదమే. డాక్టర్లు మామూలుగా ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా రాస్తారు. నొప్పికి మెలాక్సికామ్ రాస్తారు. కిలోన్నర కుందేలుకి దాని మోతాదు ఒక మిల్లీగ్రాముకి అటూ ఇటూ. షాపులో దొరికే 15 మిల్లీగ్రాముల మాత్రను విరిచి అంత కొలవడం అసాధ్యం. స్టెరాయిడ్ కలిసిన చర్మం ఆయింట్‌మెంట్లు కూడా ముట్టుకోవద్దు.

అపోహ: వేళ్ల దగ్గర తెల్లటి పొక్కులు కూడా ఇదే జబ్బు.

కాదు, అది గజ్జి. గోళ్ల చుట్టూ, వేళ్ల మధ్య, ముక్కు కొసన, చెవి అంచున బూడిదరంగు పెచ్చులు కడతాయి, విపరీతంగా దురద. ఒత్తిడి పుండు అరికాలి కింద వస్తుంది, గజ్జి పైనా పక్కలా వస్తుంది. ఎత్తుకున్నవాళ్ల చేతుల మీద కూడా దద్దుర్లు రావచ్చు. దీనికి ఐవర్మెక్టిన్ ఇంజక్షన్ రెండు వారాల ఎడంతో రెండు మూడుసార్లు ఇస్తారు. గేదెలకి వాడే 1 శాతం మందే, కానీ కిలోన్నర కుందేలుకి కావలసింది 0.03 నుంచి 0.06 మిల్లీలీటర్లు. గేదె సిరంజిలో ఆ గీత ఉండదు, 'కొంచెం' అనుకున్నది పదింతలు అవుతుంది. కుక్కల గోమార్లకి వాడే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకి విషం.

అపోహ: పురుగులు పడితే టర్పెంటైన్ పోయాలి, కలరా ఉండ పొడి పెట్టాలి.

పశువుల పుండ్లకి చేసే పని ఇది, ఈ చిన్న ఒంటికి ఆ రెండూ విషమే. ఉక్కపోత రోజుల్లో ఈగ గుడ్లు ఒక్క రోజులోపే పురుగులవుతాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి, సెలైన్‌తో కడిగి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పంజరానికి దోమతెర కట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అపోహ: పుండు మానేదాకా అన్నం, బిస్కెట్లు పెట్టి బలం పట్టించాలి.

బరువు పెరిగితే అరికాలి మీద భారం పెరుగుతుంది. ఎండుగడ్డి, పచ్చగడ్డి చాలు. గినీపిగ్‌కి మాత్రం విటమిన్ సి బయటినుంచి అందాలి, లేకపోతే ఏ గాయమూ మానదు. జబ్బులో ఉన్నప్పుడు కిలో బరువుకి రోజుకి 30 మిల్లీగ్రాముల దాకా కావాలి. రోజూ చిన్న జామకాయ ముక్క, కాప్సికం ముక్క పెట్టండి. నీళ్లలో కలిపిన విటమిన్ త్వరగా చెడిపోతుంది.

నొప్పితో మేత మానేస్తే పేగులు ఆగిపోతాయి. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఊళ్లో పశువుల డాక్టరు ఎక్కువగా చూసేది గేదెలనీ కోళ్లనీ. కాబట్టి వంటింటి కాటాతో తూచిన బరువు గ్రాముల్లో, ఇప్పటిదాకా ఇచ్చిన మందుల పేర్లు, వారం వారం తీసిన ఫొటోలు చూపించండి. ఎక్స్-రే, ఆపరేషన్ అవసరమైతే గన్నవరం వెటర్నరీ కాలేజీకి పంపమని అడగవచ్చు. ప్రయాణంలో డబ్బా అడుగున కూడా తువ్వాలే వేయండి, పేపరు వేస్తే తడిసి కాళ్లకు అంటుకుంటుంది.