థీమ్ పార్కు షాపులు: అపోహలు – వాస్తవాలు

షాపుల ఇంటీరియర్స్ చేయడం నా వృత్తి. "డిస్నీల్యాండ్‌లో లాగా చేసిపెట్టండి, మళ్లీ ముట్టుకునే పని ఉండకూడదు" అనే క్లయింట్లు తగులుతూనే ఉంటారు. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఉన్న ఆ పార్కు షాపులనే చూద్దాం.

అపోహ: థీమ్ ఒకసారి కుదిరితే ఇక మార్చక్కర్లేదు.

వాస్తవం: అక్కడ కోట దాటి, పార్కులో కథల లోకంలా కట్టిన ఫాంటసీల్యాండ్ అనే భాగంలో అడుగుపెట్టే చోట ఒక చిన్న షాపుంది. 1955లో పార్కు తెరిచినప్పుడు అది మెర్లిన్స్ మ్యాజిక్ షాప్ (మెర్లిన్ అంటే పాశ్చాత్య కథల్లోని మాంత్రికుడు). హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ కుర్రతనంలో ఇక్కడే కౌంటర్ వెనక నిలబడి ట్రిక్కులు చేసి చూపిస్తూ అమ్మేవాడు. 1983లో ఫాంటసీల్యాండ్‌ను తిరగకట్టినప్పుడు ఆ షాపు పోయింది. తర్వాత అదే చోట క్రిస్మస్ సామాను అమ్మారు, కథల్లోని విలన్ల బొమ్మలు పెట్టారు, వంశచిహ్నాల షాపూ నడిపారు. 2017లో మెర్లిన్ పేరు తిరిగొచ్చింది, మెర్లిన్స్ మార్వెలస్ మిసలేనీ అని.

ఇన్ని మారినా ఎలివేషన్, అంటే బయటికి కనిపించే ముఖభాగం, కోటకు నప్పేలాగే ఉంచారు. మారిందల్లా లోపలే. అయితే అది బోర్డు మార్చినంత తేలిక కాదు. మ్యాజిక్ సరుకును చేసి చూపిస్తేనే కొంటారు, కాబట్టి కౌంటరే ప్రాణం. బొమ్మలనైతే జనం చేత్తో తీసి చూసుకోవాలి. కౌంటర్ తగ్గించి, అరలు పెంచి, నడిచే దారి వదలాలి. లైటింగ్ కూడా మళ్లీ మొదటి నుంచే.

అపోహ: అక్కడి షాపులన్నీ మొదటి నుంచీ డిస్నీవే.

వాస్తవం: మొదట్లో డబ్బుకు కటకట. పార్కు లోపలి మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో చాలా షాపులను బయటి కంపెనీలకు అద్దెకిచ్చారు. నమ్ముతారో లేదో, అందులో ఒకటి హాలీవుడ్-మ్యాక్స్‌వెల్ కంపెనీ ఆడవాళ్ల లోదుస్తుల షాపు! ఏడాది తిరక్కుండానే ఎత్తేశారు. దాని ముందున్న వరండా మాత్రం ఇప్పటికీ ఉంది. ఎండకు అలసినవాళ్లు అక్కడ కాసేపు కూర్చుంటారు, అది దేనికి కట్టారో చాలామందికి తెలియదు.

అపోహ: షాపు తీసేశారంటే గిరాకీ లేకనే.

వాస్తవం: అప్‌జాన్ మందుల కంపెనీ అదే వీధిలో పాతకాలపు మందుల షాపు పెట్టింది. అక్కడ అమ్మకమే లేదు. వచ్చినవాళ్లకు విటమిన్ మాత్రల చిన్న సీసాలు ఉచితంగా ఇచ్చేవారు. ప్రచారం కోసం పెట్టింది కాబట్టి అలాగే 1970 దాకా నడిచింది. అలాంటి షాపుకు గల్లాపెట్టె లెక్క కొలమానం కాదు.

అపోహ: పెద్ద బ్రాండ్ వస్తే పాత షాపు ఆనవాలు మిగలదు.

వాస్తవం: అదే వీధిలోని మార్కెట్ హౌస్ అనే పాత షాపులోకి 2013లో స్టార్‌బక్స్ వచ్చింది. గోడ ఫోన్లను మాత్రం తీయలేదు. రిసీవర్ ఎత్తితే పాతకాలపు పార్టీ లైన్ (చాలా ఇళ్లకు కలిపి ఒకటే ఉండే ఫోన్ లైన్) మీద ఎవరివో కబుర్లు వినిపిస్తాయి. కాఫీ లైన్‌లో నిలబడ్డప్పుడు వినడానికి బాగుంటుంది.