సంకరా ఒంటి మీది నేత చొక్కా

2022 సెప్టెంబరులో సైనిక తిరుగుబాటుతో పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసో పగ్గాలు పట్టిన కెప్టెన్ ఇబ్రహీం త్రావోరేను చాలామంది 'మరో సంకరా' అంటున్నారు. ఆ పోలిక నిలుస్తుందో లేదో చూడాలంటే ముందు సంకరా ఎవరో తెలియాలి.

థామస్ సంకరా కూడా కెప్టెనే. తిరుగుబాటుతోనే 1983 ఆగస్టు 4న గద్దెనెక్కాడు. అప్పటికి 33 ఏళ్లు. 1960లో ఫ్రాన్స్ నుంచి బయటపడినా అప్పర్ వోల్టాగానే ఉండిపోయిన దేశానికి, సరిగ్గా ఏడాది తిరిగేసరికి 'నిజాయతీపరుల గడ్డ' అనే అర్థంలో బుర్కినా ఫాసో అని పేరు పెట్టాడు. సర్కారు వారి ఖరీదైన కార్లు అమ్మించి, మంత్రులను చిన్న రెనో 5 కార్లెక్కించాడు. కొద్ది వారాల్లోనే 20 లక్షల మందికి పైగా పిల్లలకు టీకాలు వేయించాడు.

నన్ను పట్టి నిలిపేది మాత్రం ఆయన చొక్కా. పత్తి పండించే దేశం అది. దూదిని బయటికి అమ్మి, బట్ట బయటి నుంచి కొనేది. సన్నటి పట్టీలుగా నేసి, పక్కపక్కన కలిపి కుట్టే నాటు నేత బట్ట అక్కడ ఉంది. పేరు ఫాసో దాన్ ఫానీ. ప్రభుత్వోద్యోగులు దాన్నే తొడగాలన్నాడు సంకరా. 1987 జులైలో అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాధినేతల ముందు అదే బట్టలో నిలబడి, తమ ఒంటి మీద ఐరోపా, అమెరికాల నూలుపోగు ఒక్కటీ లేదన్నాడు. విదేశీ అప్పులు కట్టేది లేదని అందరం కలిసి చెబుదాం, నేనొక్కణ్నే చెబితే వచ్చే సమావేశానికి ఉండను అని కూడా అన్నాడు.

మూడు నెలలకే, అక్టోబరు 15న, మరో 12 మందితో పాటు ఆయన్ను కాల్చి చంపారు. మరణ ధ్రువపత్రంలో 'సహజ మరణం' అని రాశారు.

ఆయన్ను ప్రేమించేవాళ్లు దాటవేసే పేజీ ఒకటుంది. 1984లో సమ్మె చేసిన వెయ్యి మందికి పైగా టీచర్లను ఉద్యోగాల్లోంచి తీసేశాడు. అక్షరాస్యత కోసం అంత తపించిన మనిషి బడుల్లో పంతుళ్లు లేకుండా చేశాడు. పార్టీలకు చోటివ్వలేదు, కార్మిక సంఘాలను అణిచాడు. ఇది నాకు మింగుడుపడదు.

ఆయన స్థానంలోకి వచ్చిన ప్రాణమిత్రుడు బ్లేజ్ కాంపావోరే 27 ఏళ్లు ఏలి, 2014లో జనం తిరగబడితే ఐవరీ కోస్ట్‌కు పారిపోయాడు. ఆ హత్య కేసులో 2022 ఏప్రిల్‌లో సైనిక న్యాయస్థానం అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. తీర్పు రోజున నిందితుడు బోనులో లేడు.