గోరువెచ్చటి పాలు

చిట్టీ,

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని అమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చిందనీ, "అబద్ధమైతే ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారు తాతయ్యా?" అనీ రాశావు. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

పాలు తోడు పెట్టడం చూశావుగా. చెంచాడు పెరుగుతో గిన్నెడు పాలూ తోడుకుంటాయి. కానీ పాలు గోరువెచ్చగా ఉండాలి. పుకారూ అంతే, మనసులు ముందే వెచ్చబడి ఉంటేనే తోడుకుంటుంది.

1857లో ఉత్తరాదిన సిపాయిలకు కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకులు వచ్చాయి. తూటా కాగితాన్ని పళ్లతో కొరికి చించాలి. దానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారనీ, అందరి మతం చెడగొట్టడానికి కుంఫిణీ, అంటే అప్పుడు మనల్ని ఏలుతున్న ఈస్టిండియా కంపెనీ, పన్నిన పన్నాగమనీ మాట పాకింది. గోధుమపిండిలో ఎముకల పొడి కలుపుతున్నారని కూడా అన్నారు. చెంచాడు పెరుగు నిజంగానే ఉంది: ఆ కొవ్వు ఏ జంతువుదో సర్కారు పట్టించుకోలేదు. పాలు అప్పటికే వెచ్చబడ్డాయి. 1856లో అవధ్ రాజ్యాన్ని కుంఫిణీ కలిపేసుకుంది, సిపాయిల్లో చాలామంది ఊళ్లు అక్కడే. "మీ నెయ్యి మీరే రాసుకోండి" అని తర్వాత చెప్పినా, తప్పు చేశారు కాబట్టే మారుస్తున్నారనుకున్నారు. పెరుగైనవి మళ్లీ పాలవుతాయా! మీరట్‌లో తూటాలు ముట్టబోమన్న 85 మంది సిపాయిలకు సంకెళ్లు వేశారు. మర్నాడే, మే 10న, తిరుగుబాటు లేచింది.

దొరల గిన్నెలోనూ పాలు వెచ్చగానే ఉన్నాయి. ఆ ఏడాది మొదట్లో ఊరి కావలివాళ్లు చపాతీలు తెచ్చి, "ఇలాంటివే చేసి పక్క ఊళ్లకు పంపండి" అని చెప్పి వెళ్లేవారు. ఎందుకో తెచ్చినవాళ్లకే తెలియదు. అది రహస్య సంకేతమని ఎందరో దొరలు హడలిపోయారు. వాటిని మొదట ఎవరు పంపారో ఈనాటికీ తేలలేదు. ఆలోచిస్తే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నా చిన్నప్పుడు మా వాగు మీద వంతెన కడుతుంటే, స్తంభం నిలవాలంటే పిల్లాణ్ని బలివ్వాలన్నారు. మమ్మల్ని బడికి పంపలేదు. అప్పుడే గోనెసంచితో వచ్చిన ఒక ముసలాయన్ని పట్టుకుని కొట్టారు. నేనూ ఒక రాయి విసిరాను. సంచి దులిపితే చిత్తుకాగితాలు, సగం కొరికిన జామకాయ. ఆ జామకాయని నేను మరిచిపోలేదమ్మా. 2018లో ఇలాంటి మెసేజ్‌లే నమ్మి మన రెండు రాష్ట్రాల్లోనూ దారినపోయేవాళ్లని కొట్టారు. ప్రాణాలు పోయాయి.

నువ్వొక పని చెయ్యి. ఆ మెసేజ్ అమ్మకి ఎవరు పంపారో అడుగు. వాళ్లకి ఎవరు పంపారో వాళ్లని అడుగు. అలా ఎన్ని ఇళ్లు వెనక్కి వెళ్లగలిగావో నాకు రాయి.

మీ తాతయ్య