మీటరులో 100, రోడ్డు మీద 95

నకిరేకల్ దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. బావ నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో ఉన్నాను. 80 దాటితే కొట్టే బీప్ అలవాటైపోయి ఎవరమూ పట్టించుకోవడం మానేశాం. స్పీడోమీటర్ ముల్లు సరిగ్గా 100 మీద ఉంది. హోల్డర్‌లో పెట్టిన ఫోన్ మాత్రం 95 అంటోంది.

"నీ మీటరు ఎక్కువ చూపిస్తోంది బావా" అన్నాను.

"కంపెనీవాళ్లు బిగించిన మీటరు తప్పు, నీ ఫోను రైటూనా?" అన్నాడు. కారు కొని రెండు నెలలే అయింది, పౌరుషం రాదా మరి!

తేల్చుకోవడానికి పైసా ఖర్చులేని దారి ఒకటుంది. హైదరాబాద్-విజయవాడ హైవే పక్కన కిలోమీటరు రాళ్లున్నాయి. బావ ముల్లును 100 దగ్గరే పట్టి ఉంచాడు. ఒక రాయి దాటగానే నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, అక్కణ్ణుంచి అయిదో రాయి దగ్గర ఆపాను. 3 నిమిషాల 10 సెకన్లు. అంటే కిలోమీటరుకు 38 సెకన్లు. గంటకు 3600 సెకన్లు కాబట్టి 3600ను 38తో భాగిస్తే 94.7 వస్తుంది. నిజంగా 100లో వెళ్లి ఉంటే కిలోమీటరుకు 36 సెకన్లే పట్టాలి. ఒక్క కిలోమీటరుకే కొలిస్తే వేలు ఒక సెకను ఆలస్యంగా కదిలినా లెక్కలో గంటకు రెండున్నర కిలోమీటర్లు తేడా వస్తుంది, అందుకే అయిదు రాళ్లు. ఈ పని పక్క సీటువాళ్లే చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

ఫోను గెలిచింది. అలాగని మీటరు చెడిపోయిందనుకోవద్దు. అది అలా చూపించేలాగే తయారైంది.

అసలు మీటరు వేగాన్ని కొలవదు, చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో చూస్తుంది, అంతే. జర్మన్ ఇంజనీరు ఒట్టో షుల్జే 1902లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు దశాబ్దాలపాటు కార్లలో నడిచింది. గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ వచ్చి మీటరు వెనకాల చిన్న అయస్కాంతాన్ని గిరగిరా తిప్పుతుంది. ఆ అయస్కాంతం మీద, దానికి తగలకుండా, ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు కదా, మరి గిన్నె ఎలా కదులుతుంది? తిరిగే అయస్కాంతం వల్ల గిన్నెలో నీటి సుడుల్లాంటి కరెంటు పుడుతుంది, ఆ కరెంటు తనదైన అయస్కాంత బలంతో గిన్నెను లాగుతుంది. గిన్నెకు కట్టిన సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుడులూ సరిపోయిన చోట ముల్లు నిలుస్తుంది. ఇంటి గోడ మీద పాత కరెంటు మీటర్లో మెల్లగా తిరిగే అల్యూమినియం పళ్లెం గుర్తుందా? దాన్ని నడిపించేదీ ఇలాంటి సుడి కరెంటే. పాత అంబాసిడర్లలో కేబుల్ ఎండిపోతే ముల్లు 40కీ 60కీ మధ్య పూనకం వచ్చినట్టు ఊగేది.

ఇప్పుడు కేబుల్ పోయి, చక్రం దగ్గర సెన్సార్ వచ్చింది. పళ్ల చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్నునూ లెక్కపెట్టి కంప్యూటర్‌కు పంపుతుంది. లెక్కపెట్టడంలో తప్పు దాదాపు ఉండదు. చిక్కంతా చక్రం చుట్టుకొలత దగ్గర వస్తుంది. కంప్యూటర్‌కు కంపెనీ ఒక అంకె చెప్పి పెట్టింది, రోడ్డు మీద టైరు ఆ అంకెకు కట్టుబడి ఉండదు.

బావ కారు టైర్లు 185/65 ఆర్15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. లెక్కేస్తే టైరు వ్యాసం సుమారు 62 సెంటీమీటర్లు, చుట్టుకొలత 195 సెంటీమీటర్లు. కిలోమీటరుకు దాదాపు 512 చుట్లు. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లనుకుందాం. 1.6కి అరిగేసరికి చుట్టుకొలత 2 శాతం తగ్గిపోతుంది. అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి, కాబట్టి టైరు అరిగేకొద్దీ మీటరు ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఈ తేడాలన్నీ కంపెనీకి తెలుసు. వాళ్ల చేతిలో లేనిది ఏ కారు ఎప్పుడు ఎటు తేడా చూపిస్తుందన్నదే. చట్టం మాత్రం ఒక వైపు తలుపు గట్టిగా మూసేసింది. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నియమం ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించనే కూడదు. ఎక్కువ చూపించవచ్చు, కానీ అసలు వేగంలో పదో వంతు, ఆపైన గంటకు 4 కిలోమీటర్లు దాటకూడదు. నిజంగా 100లో వెళ్లే కారు మీటరు 100 నుంచి 114 దాకా ఏది చూపించినా తప్పు లేదు, 99 చూపిస్తే తప్పు. అమెరికాలో లారీలు, బస్సుల రూలు వేరు: గంటకు 50 మైళ్ల దగ్గర 5 మైళ్లు అటైనా ఇటైనా సరే.

ఒక వైపే తప్పు చేసే వీలున్నప్పుడు తయారీదారు ఏం చేస్తాడు? మొత్తం లెక్కను కాస్త పైకి జరిపి పెడతాడు. రైలు తప్పిపోతుందని గోడ గడియారాన్ని అయిదు నిమిషాలు ముందుకు తిప్పుకునే ఇళ్లు ఉండేవే, సరిగ్గా అలా. ఆ ఇళ్లలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. గడియారం ముందుందని తెలిసినవాడు నింపాదిగా బయలుదేరతాడు. మీటరు సంగతి తెలిసిన బావ వెంటనే అన్న మాట: "అయితే 105 పెట్టొచ్చన్నమాట!"

ఆయనకు ఇంకో బెంగ పట్టుకుంది. మీటరు ఎక్కువ చూపిస్తే తిరిగిన కిలోమీటర్లూ ఎక్కువే పడతాయా, మైలేజీ లెక్కంతా అబద్ధమేనా అని. కాదు. ఈ పైకి జరపడం ముల్లుకే. రాళ్ల మధ్య ట్రిప్ మీటరు చూసుకున్నాం, 5.0 అనే ఉంది. చక్రం చుట్లు ఒకటే, వాటిని వేగంగా చూపించేటప్పుడు మాత్రమే కాస్త కలుపుతున్నారు.

ఫోనూ సర్వజ్ఞుడేం కాదు. ఉపగ్రహం సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడాను బట్టి అది వేగం కడుతుంది. దగ్గరికొస్తున్న రైలు కూత సన్నగా, దూరమవుతుంటే బొంగురుగా వినిపించేది కూడా ఈ డాప్లర్ ప్రభావం వల్లే. ఆకాశం ఏ అడ్డూ లేకుండా కనబడుతూ, బండి ఒకే వేగంతో వెళ్తుంటే దాని మాట నమ్మొచ్చు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం ఫోను అంకె ఒకటి రెండు క్షణాలు వెనకబడుతుంది, టన్నెల్లో అయితే అంచనాల మీద బతుకుతుంది. అక్కడ మీటరుదే పైచేయి. ఇక పోలీసుల స్పీడ్ గన్‌కు ఈ రెండింటితోనూ పనిలేదు, అది బండి అసలు వేగాన్నే పట్టుకుంటుంది.

సూర్యాపేటలో టీకి ఆగాం. బావ వంగి టైరు పక్కన అంకెలు మొదటిసారి చదివాడు. లుక్ కోసం దీపావళికి 205/65 వేయిద్దామనుకున్నాడట. ఆ టైరు చుట్టుకొలత వీటికన్నా 4 శాతం పెద్దది, ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు. టీ గ్లాసు పక్కన పెట్టి లెక్క కట్టాను. అప్పుడు మీటరు 100 అన్నప్పుడు కారు 98.7లో ఉంటుంది. ఫోనుకీ మీటరుకీ ఇక గొడవ రాదు. 105 పెడదామన్న బావ మాత్రం 103 దాటి వెళ్తుంటాడు.