కారు స్టీరియో మార్పిడి: రాయగడలో మా షాపుకి వచ్చే అపోహలు

కొత్త బండికి మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించుకుని, అటు నుంచి అటే మా షాపుకి వచ్చేవాళ్లు చాలామంది. పార్వతీపురం వాళ్లు, గుణుపురం వాళ్లు, జేకేపూర్ పేపరు మిల్లు ఉద్యోగులు. "అన్నా, కంపెనీ సెట్ తీసేసి పెద్ద స్క్రీన్ వెయ్యి" అంటారు. స్క్రీన్ ఎన్ని అంగుళాలో అందరూ అడుగుతారు, వెనకాల వైరింగ్ ఎలా చేస్తావని అడిగేవాళ్లు తక్కువ. ఈ పనిలో మంచీ చెడూ అంతా ఆ వెనకాలే ఉంది.

అపోహ: వైర్లు కోయకుండా పని జరగదు, కోస్తే బండి వారంటీ మొత్తం పోతుంది

కోయనక్కర్లేదు. బాగా అమ్ముడయ్యే మోడళ్లన్నిటికీ కప్లర్ దొరుకుతుంది. ఒక కొస బండి సాకెట్‌కి, ఇంకో కొస కొత్త సెట్‌కి. కంపెనీ వైరింగ్‌లో ఒక్క పోగు తెగదు, రేపు బండి అమ్మేటప్పుడు పాత సెట్ మళ్లీ పెట్టుకోవచ్చు. స్టీరింగ్ బటన్లు పనిచేయాలంటే కొన్ని బండ్లకు కప్లర్‌తో పాటు క్యాన్ బాక్స్ (బండి పంపే సంకేతాలను కొత్త సెట్‌కి అర్థమయ్యేలా మార్చే చిన్న పెట్టె) కూడా కావాలి. అదీ ముందే అడగండి.

కప్లర్‌కయ్యే ఆ కాస్త డబ్బు మిగులుతుందని వైర్లు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టించుకునేవాళ్లున్నారు. ఎండకు టేపు జిగురు కరుగుతుంది. ఘాట్ రోడ్డు కుదుపులకు రాగి బయటపడి డాష్‌బోర్డు లోపలి ఇనుముకు తగులుతుంది. ఫ్యూజు పోతే మీ అదృష్టం. మాటిమాటికీ పోతోందని ఎవరైనా పెద్ద ఫ్యూజు వేసి ఉంటే మాత్రం ఈసారి కాలేది వైరే.

వారంటీ సంగతి: మీరు మార్చిన దానివల్ల పాడైన భాగానికి కంపెనీ పూచీ పడదు. స్టీరియో వైరింగ్ వల్ల ఎలక్ట్రికల్ మాడ్యూల్ పోతే భారం మీదే. ఇంజన్ ఆయిల్ లీకుకి కూడా స్టీరియోనే సాకుగా చూపితే, దానికీ దీనికీ సంబంధం ఏమిటో గట్టిగా అడగండి. షరతులు కంపెనీకొకలా ఉంటాయి, వారంటీ పుస్తకం ఒకసారి తిరగెయ్యండి.

అపోహ: సిగ్నల్ లేని చోట నావిగేషన్ చచ్చిపోతుంది

సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ వెళ్లేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే. జీపీఎస్‌కీ సిమ్‌కీ సంబంధం లేదు. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి సిగ్నల్ అందితే చాలు, సెట్ తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. నెట్ కావలసింది మ్యాపు దించుకోవడానికీ, ట్రాఫిక్ చూపడానికీ. ఇంట్లో వైఫై ఉండగానే అటు కొరాపుట్, ఇటు విజయనగరం వైపు మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకుంటే ఘాట్‌లో టెన్షన్ ఉండదు.

మరి అందరి బండ్లలోనూ బాణం గుర్తు పొలాల్లో ఎందుకు తిరుగుతుంది? చాలాసార్లు తప్పు యాంటెన్నాది. సెట్‌తో పాటు అగ్గిపెట్టె కంటే చిన్న నల్లని చదరపు ముక్క ఒకటి వస్తుంది, అడుగున అయస్కాంతం, పొడుగాటి వైరు. తొందరలో ఉన్న ఫిట్టర్ ఆ వైరును చుట్టచుట్టి సెట్ వెనకాల ఇనుప చట్రం కిందకి తోసేస్తాడు. దానికి ఆకాశం కనపడాలి. ముందు అద్దం కింద, డాష్‌బోర్డు మీద ఉండాలి. పైన ప్లాస్టిక్ ఉన్నా ఫర్వాలేదు, ఇనుము ఉండకూడదు. బండి తీసుకునే ముందు షెడ్డులో కాదు, రోడ్డు మీదకి తెచ్చి మ్యాపు తెరిచి చూడండి. ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాపు, పాటలను బండి స్క్రీన్ మీద చూపేది) వాడేవాళ్లకు మ్యాపు నడిపేది ఫోనే, ఆఫ్‌లైన్ మ్యాపు కూడా ఫోన్‌లోనే దించుకోవాలి.

అపోహ: బయటి సెట్‌లో ఎఫ్ఎం రాదు

వస్తుంది. చాలా కార్లలో టాపు మీది యాంటెన్నా మొదట్లో చిన్న బూస్టర్ ఉంటుంది. కంపెనీ సెట్ దానికి 12 వోల్టులు ఇస్తుంది. కొత్త సెట్ నీలం వైరు నుంచి ఆ కరెంటు ఇవ్వకపోతే గరగర తప్ప ఏమీ వినపడదు. ఐదు నిమిషాల పని, దీనికోసం సెట్‌నే మార్పించుకున్నవాళ్లున్నారు.

అపోహ: ఆండ్రాయిడ్ సెట్ పెడితే బ్యాటరీ డౌన్ అవుతుంది

సరిగా కలిపితే అవదు. సెట్‌కి పసుపు వైరు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు వైరు తాళం తిప్పితేనే వచ్చే కరెంటు. రెండూ కలిపి బ్యాటరీకి ఇచ్చేస్తే బండి ఆపినా సెట్ నిద్రపోదు. లాక్ చేసిన బండి లాగే కరెంటు కాసేపటికి 50 మిల్లీ ఆంపియర్ల లోపుకి దిగాలి. అర ఆంపియర్ లాగుతుంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ 70 గంటల్లో ఖాళీ, స్టార్టర్ అంతకంటే ముందే మొరాయిస్తుంది. పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి బండి కదలదు, తిట్లు బ్యాటరీ షాపువాడికి. మల్టీమీటర్ పెట్టి చూపించమనండి, పని తెలిసిన ఫిట్టర్ ఏమీ అనుకోడు.

అపోహ: డబ్బా మీద 4×50 వాట్లు ఉంటే ఇక యాంప్లిఫయర్ ఎందుకు?

అది పీక్ లెక్క, అంటే ఒక్క క్షణం మాత్రం అందే గరిష్ఠం. 14.4 వోల్టులతో మామూలు స్పీకర్‌కి నికరంగా అందేది 20 వాట్ల చుట్టుపక్కలే. సెట్టింగ్స్‌లో కనపడే ర్యామ్ అంకె కూడా అంతే. చవక సెట్లలో దాన్ని ఎంతకు కావాలంటే అంతకు మార్చి చూపిస్తారు. అంకె వదిలేసి మ్యాపు, పాట ఒకేసారి నడిపి చూడండి.

బండి ఆగి ఉందని సెట్‌కి చెప్పే హ్యాండ్ బ్రేక్ వైరును ఎర్త్‌కి కలిపేస్తే నడుస్తుండగా కూడా వీడియో వస్తుంది. ఎవరడిగినా నేను చేయను.

అపోహ: ఏ బండికైనా మార్చేయొచ్చు

ఏసీ, టైరు గాలి, బండి సెట్టింగులు అన్నీ కంపెనీ స్క్రీన్‌లోనే ఉన్న కొత్త మోడళ్లకు మార్చొద్దనే చెబుతాను. కావాలంటే స్పీకర్లు మార్చుకోండి. వైరుతో నడిచే ఆండ్రాయిడ్ ఆటోను వైర్‌లెస్ చేసే చిన్న అడాప్టర్ దొరుకుతుంది, యూఎస్‌బీకి పెడితే సరి. బేరం పోయిందని మా కుర్రాడు గొణుగుతాడు, గొణగనీ.

మార్పించుకున్నవాళ్లు పాత సెట్‌తో పాటు దాని బ్రాకెట్లు, స్క్రూలు కూడా అడిగి ఇంటికి తీసుకెళ్లండి.