గేమ్‌లో కథ: అపోహలు, వాస్తవాలు

వీడియో గేమ్‌లకు కథలు రాయడం నా వృత్తి. తరచూ వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: గేమ్‌లో కథ అంటే మధ్యమధ్యలో వచ్చే వీడియోలే.

వాస్తవం: అవి కథలో ఒక భాగం మాత్రమే. అసలు కథ ఆటగాడి చేతుల్లో నడుస్తుంది. 2013లో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’లో కంట్రోలర్ (చేత్తో పట్టుకుని ఆడే పరికరం) ఎడమ సగం అన్నను, కుడి సగం తమ్ముణ్ని నడిపిస్తుంది. తమ్ముడికి నీళ్లంటే భయం. ఏరు దాటాలంటే అన్న వీపు పట్టుకోవాల్సిందే. చివర్లో అన్న చనిపోతాడు. తమ్ముడు ఒంటరిగా నీటి ముందు నిలబడతాడు. అతని బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. ఇన్ని గంటలూ అన్నను నడిపించి, ఇప్పుడు ఖాళీగా ఉన్న ఎడమ చేతి వేలు అన్న బటన్‌ను నొక్కినప్పుడే అతను ఈదుతాడు. ఆ పాత్రలు మాట్లాడేది కల్పిత భాష, అయినా అన్న ధైర్యం తమ్ముడికి అందిందని మన వేలికే ముందు తెలుస్తుంది. నా దృష్టిలో ఈ మాధ్యమం సాధించిన గొప్ప ఘట్టాల్లో ఇదొకటి.

అపోహ: ఆడే పద్ధతిని సూచనలు రాసి నేర్పాలి.

వాస్తవం: 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొదటి దశ చూడండి. మారియో తెర ఎడమ పక్కన ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పనక్కరలేదు. కాస్త ముందుకెళ్లగానే శత్రువు ఎదురొస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది, ఎగిరితే బతుకుతాం. రెండో ప్రయత్నానికల్లా పాఠం వచ్చేస్తుంది.

అపోహ: కథ అర్థం కాలేదంటే ఆటగాడు శ్రద్ధ పెట్టలేదు.

వాస్తవం: చాలాసార్లు లోపం మాదే. ఒకసారి కథకు కీలకమైన ఉత్తరాన్ని గదిలో బల్ల మీద పెట్టాం. ఆడించి చూస్తే ఒకరి వెంట ఒకరు దాన్ని చూడకుండానే దాటిపోయారు. తలుపు పక్కన దీపం వెలుగుతోంది, అందరి చూపూ అటే. ఉత్తరంలో అక్షరం మార్చలేదు, దీపాన్ని బల్ల మీదికి జరిపాం. ఆ తర్వాత ఆడినవాళ్లు అక్కడ ఆగి చదివారు. మాటల విషయంలోనూ అంతే. శత్రువులు తరుముతున్నప్పుడు చెప్పించిన రహస్యం ఎవరి చెవికీ ఎక్కదు.

అపోహ: సబ్‌టైటిళ్లు వినికిడి లోపం ఉన్నవారికే.

వాస్తవం: గోల మధ్య ఆడేవారికీ, పాత్రల యాస అలవాటు లేనివారికీ అవే ఆధారం. అక్షరాలు పెద్దవిగా, మాట్లాడేవారి పేరుతో సహా ఉండాలి.

అపోహ: ఆటగాడికి కథ అర్థమైందో లేదో గేమ్ తెలుసుకోలేదు.

వాస్తవం: 2018 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’లో ఓడలోని 60 మంది ఎవరో, ఏమయ్యారో తేల్చాలి. ముగ్గురి చొప్పున సంగతి సరిగ్గా రాస్తేనే అది సరైనదని గేమ్ ఖరారు చేస్తుంది. ఒక్కొక్కరిగా చెబితే గుడ్డిగా ఊహించి నెట్టుకురావచ్చు. ముగ్గురు కాబట్టి యాస వినాలి, దుస్తులు చూడాలి, వేలాడే పడకల మీది నంబర్లు కూడా వదలకూడదు.