లిఫ్ట్‌లో వినిపించిన మనసు

ఆఫీసు లిఫ్ట్ కిక్కిరిసి ఉంది. పక్కవాడి ఒళ్లు తగలగానే అదాచికి ఒక గొంతు వినిపిస్తుంది. ఎవరో తనను చూసి మురిసిపోతున్నారు. తల తిప్పి చూస్తే కురోసావా! అందగాడు, సేల్స్‌లో నంబర్ వన్. ముప్పై ఏళ్లొచ్చినా ఆడతోడు ఎరగనివాడు మాంత్రికుడవుతాడని జపాన్‌లో ఒక జోకు ఉంది. అదాచి విషయంలో అది నిజమైంది. ముట్టుకుంటే చాలు, అవతలివాళ్ల మనసులో మాట వినిపిస్తుంది.

టీవీ టోక్యో 2020 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గురువారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు వేసిన 12 భాగాల సీరియల్ ఇది. బయటి దేశాల్లో ‘చెర్రీ మ్యాజిక్’ అంటే తెలుస్తుంది. మూలం యూ తొయొతా గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ.

ఇంత ప్రేమను కురోసావా ఎందుకు దాచుకున్నాడు? పోలీసులకు భయపడి మాత్రం కాదు. జపాన్‌ను అప్పట్లో ఏలిన మెయిజీ ప్రభుత్వం 1870ల్లో మగవాళ్ల మధ్య శృంగారాన్ని నేరం చేసినా, 1882లో అమలైన శిక్షాస్మృతిలో ఆ నిబంధనే లేదు. మనకు 377 సెక్షన్ కోరలు పీకడానికి 2018 దాకా పట్టింది. అక్కడి భయం వేరు. చెప్తే అవతలి మనిషి ఇబ్బంది పడతాడు, రేపటి నుంచి పక్క సీట్లో కూర్చోవడం కష్టమవుతుంది. లోపలి మాటను ‘హొన్నె’ అని, పైకి కనిపించే తీరును ‘తతెమాయె’ అని జపాన్‌వాళ్లు విడదీసి చెప్తారు. కురోసావా నవ్వు మొత్తం తతెమాయెనే.

మగవాళ్ల మధ్య ప్రేమకథలకు దారి వేసింది 1970ల మహిళా మాంగా రచయితలు. మోతో హాగియో 1974లో మొదలుపెట్టిన ‘థామస్ హృదయం’ జర్మనీ బోర్డింగ్ స్కూల్లో జరుగుతుంది. అందులో ప్రేమించిన కుర్రాడు మొదట్లోనే చనిపోతాడు. ప్రేమ దూరదేశంలోనే ఉండాలి, చావు దాకా పోవాలి. అప్పటి లెక్క అది.

ఆ ప్రేమ టోక్యో ఆఫీసుల్లోకి, వంటింట్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2018లో టీవీ అసాహి వేసిన ఆఫీసు ప్రేమ సీరియల్ ‘ఒస్సాన్స్ లవ్’ హిట్టయింది. 2019లో వచ్చిన సీరియల్ ‘నిన్న ఏం తిన్నావ్?’లో లాయర్ షిరో తన ప్రేమ గురించి ఆఫీసులో నోరు విప్పడు. అతని ప్రియుడు, అతనితో కలిసి ఉండే కెంజి మాత్రం సెలూన్‌లో కస్టమర్లతో కబుర్లలో చెప్పేస్తాడు. ఇద్దరికీ గొడవ అక్కడే.

‘చెర్రీ మ్యాజిక్’ ఆ గొడవను తిరగేసింది. ఇందులో తప్పు దాచుకున్నవాడిది కాదు, దొంగచాటుగా విన్నవాడిది. పదకొండో భాగంలో అదాచి నిజం ఒప్పుకుంటాడు. నాకు సీరియల్ మొత్తంలో గుర్తుండిపోయింది అదే. ‘నువ్వంటే ఇష్టం’ అనడం కన్నా ‘నీ మనసు ముందే విన్నాను’ అనడం కష్టం.

చివరి భాగం డిసెంబరు 24న వచ్చింది. మూడు నెలలు కూడా తిరక్కుండానే, 2021 మార్చి 17న, సప్పొరో జిల్లా కోర్టు స్వలింగ జంటలకు పెళ్లి హక్కు లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. సీరియల్ మాత్రం మళ్లీ లిఫ్ట్‌లోనే ముగుస్తుంది. ఇద్దరూ ముద్దు పెట్టుకోబోతుంటే తలుపులు మూసుకుంటాయి.